బందరులో ఏడో చోటు

బహుళ విదియ

టూరిస్టు పడవలు నడిపేవాళ్లు రోజూ దినచర్య రాయాలని పామర్రు రేవు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. నోటితో చెబితే పడవలో ఉన్న పెట్టె అదే రాసుకుంటుందట. పెట్టెతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. చేత్తోనే రాస్తాను.

వాతావరణం: ఎండ. వచ్చినవాళ్లు: పదకొండుమంది. చూపిన చోట్లు: ఏడు. విశేషాలు: ఒకాయన టోపీ నీళ్లలో పడింది. తీసి ఇచ్చాను.

బహుళ పంచమి

రాసింది చాలదట. ఏ చోట్లు చూపారో, ఎలా చూపారో వివరంగా రాయమన్నారు. రాస్తున్నాను.

రేవు పడవకు సరంగు ఉండడు. తనంతట తానే పామర్రు నుంచి వస్తుంది. వెనకాల మంచినీళ్ల తొట్టిని లాక్కొస్తుంది. పాత బస్టాండు మేడ మీద మనుషుల్ని దించి, నీళ్లు వదిలి, సాయంత్రం మళ్లీ వాళ్లను ఎక్కించుకుపోతుంది. ఈ మధ్యలో వాళ్లు నావాళ్లు.

మొదట కోట గుమ్మం. సముద్రం ఊళ్లోకి వచ్చాక పడవ గుమ్మం కిందనుంచి పోతుంది కాబట్టి తలలు వంచమని చెబుతాను. వంచనివాళ్లకు కోట బాగా గుర్తుండిపోతుంది. తర్వాత పాండురంగడి గోపురం. పడవను పైఅంతస్తు కిటికీకి కడతాం. అక్కణ్ణించే హారతి. తర్వాత నీళ్ల ట్యాంకు. పైకెక్కితే ఊరంతా కనపడుతుంది. నీళ్ల మీద తేలే మా ఇళ్లు కూడా కనపడతాయి. వాటిని ఎవరూ పెద్దగా చూడరు. ఎక్కి దిగేసరికి ఆయాసంతో ఉంటారు. ఆ తర్వాత ట్యాంకు స్తంభానికి కట్టేసి ఉన్న కలంకారీ పడవ. చేతిరుమాలు మీద ఒక్క అచ్చు సొంతంగా వేసుకోనిస్తారు. అందరూ వంకరగానే వేస్తారు. అదే దాచుకుంటారు.

ఎత్తున ఉన్న ఒలందావాళ్ల సమాధులు పాటు వేళ చూపాలి. సముద్రం వెనక్కి తీసినప్పుడు రాళ్లు బయటపడతాయి. చెప్పులు విప్పి మోకాలి లోతులో నడవాలి. హాలండు నుంచి వ్యాపారానికని ఓడెక్కి వచ్చి ఇక్కడే పోయినవాళ్లు. "ఇంత దూరం ఎందుకొచ్చారు పాపం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "మీరెందుకొచ్చారు?" అంటాను. నవ్వుతారు.

ఇస్మాయిల్ లడ్డూ కొట్టు ఆరో చోటు. తినేది చూసే చోటెట్లా అవుతుందని ఒకప్పుడు రేవు ఆఫీసు వాదించింది. మనిషిని పంపించారు. ఆయన తిని వెళ్లాక వాదన ఆగిపోయింది. ఏడోది లైట్‌హౌసు. దాన్ని దూరంగా ఉండి చూపిస్తాను. దగ్గరికి పోతే ఇటుకలు రాలుతున్నాయి.

బహుళ దశమి

వాతావరణం: గాలి. వచ్చినవాళ్లు: ఎనిమిదిమంది. చూపిన చోట్లు: ఆరు.

లైట్‌హౌసు పోయింది. కూలింది అనటం కంటే కూర్చుంది అనాలి. మేము దానికి ఎదురుగా ఉన్నప్పుడే నీళ్లలోకి నిలువునా దిగింది. పెద్ద చప్పుడు కూడా లేదు. అల వచ్చి పడవ ఊగింది, అంతే. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. టూరిస్టులు చప్పట్లు కొట్టారు. రోజూ ఇలాగే చేస్తారనుకున్నట్టున్నారు.

అమావాస్య

ఈ వేళ ఎవరూ రాలేదు. సాయంత్రం మా వసారాలో నలుగురం కూర్చున్నాం. రత్తయ్య మామ మా మోకుల పెద్ద. ఏ ఇంటి లంగరు ఎక్కడ వేయాలి, ఏ మోకు మార్చాలి అన్నీ ఆయన మాటే. రేవు ఆఫీసు నుంచి వచ్చిన కబురు ఆయనే చదివాడు. ఏడు చోట్ల కంటే తగ్గిన ఊరిని జాబితాలోంచి తీసేస్తారట. పౌర్ణమికి తనిఖీ.

"తీసేస్తే ఏందంట?" అంది మా ఆవిడ పున్నమ్మ.

"రేవు పడవ రాదు. పడవ రాకపోతే నీళ్ల తొట్టి రాదు."

"నీళ్లు లేకపోతే?"

"మనల్ని నూజివీడు మిట్ట మీద కాలనీకి తోలతారు. ఇళ్లు కట్టి ఉంచారంట. కదలని ఇళ్లు."

"అక్కడేముంది?"

"మామిడితోటలు."

"మరి ఈయన పడవ?"

"చెట్టుకి కట్టుకోమను," అన్నాడు రత్తయ్య మామ.

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి పున్నమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పడవ తప్ప నాకు ఇంకో పని తెలియదు.

శుద్ధ చవితి

వాతావరణం: ఎండ. వచ్చినవాళ్లు: ఏడుగురు. చూపిన చోట్లు: ఆరు.

ఒక టూరిస్టు మా ఇళ్ల సంగతి అడిగాడు. రేవు ఆఫీసుకూ తెలియకపోవచ్చు, కాబట్టి రాస్తున్నాను. ఇళ్లు డ్రమ్ముల మీద తేలుతాయి. ఒక్కో ఇంటికి ఒకే మోకు, ఒకే లంగరు. సగం ఇళ్లకు మోకు ముందువైపు కడతాం, సగం ఇళ్లకు వెనకవైపు. అందుచేత పోటుకు ఒక దిక్కు తిరుగుతాయి, పాటుకు ఇంకో దిక్కు. పోటు వేళ మా గుమ్మానికి ఎదురుగా రత్తయ్య మామ గుమ్మం ఉంటుంది. పాటు వేళ జైతున్‌బీ గుమ్మం. ఒకటే ఇల్లు, ఎదురిళ్లు రెండు. పోట్లాటలైనా పోటుకొకటి, పాటుకొకటి.

వసారాలు రెండూ ఒకదానికొకటి ఆనుకోగానే ఇటునుంచి అటో, అటునుంచి ఇటో ఒక గిన్నె పోతుంది. పొయ్యి మీద ఏముంటే అది. తీసుకున్న గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఇస్తే ఆ ఇంటికి అరిష్టం అంటారు. కొట్టులో కొన్నది వేసి ఇచ్చినా చెల్లదు, చేత్తో చేసింది ఉండాలి. బాకీ ఇంటిది కాదు, గిన్నె అందుకున్న చేతిది.

ఈ చివరి సంగతి నేను ఇవాళ మరిచిపోయాను. పున్నమ్మ స్నానం చేస్తుంటే రత్తయ్య మామ భార్య ఇచ్చిన గిన్నె నేను అందుకున్నాను.

"నువ్వు పుచ్చుకున్నావుగా, నువ్వే వండు," అంది పున్నమ్మ.

పప్పు వండాను. రత్తయ్య మామ తిన్నాడు. ఏమీ అనలేదు. అంటే బాగా లేదని.

శుద్ధ అష్టమి

వాతావరణం: మబ్బు. వచ్చినవాళ్లు: పదిమంది. చూపిన చోట్లు: ఆరున్నర.

ఏడో చోటుగా సినిమాహాలు పెడదామని రత్తయ్య మామ ఆలోచన. హాలు పైకప్పు ఎప్పుడో పోయింది. బాల్కనీ మట్టానికి నీళ్లు. అడుగున అద్దం బిగించిన తొట్టి ఒకటి తయారుచేశాడు. నీళ్ల మీద పెట్టి అందులోంచి చూస్తే కింద కుర్చీలు కనపడాలి.

"కుర్చీల్లో చేపలు కూర్చుంటన్నాయిరా అల్లుడూ. వరసల్లో. నేను చూశాగా," అన్నాడు.

ఆయన చూసిన రోజు నీళ్లు తేటగా ఉండి ఉంటాయి. ఇవాళ పడవ తెడ్డు తగలగానే బురద లేచింది. పదిమందీ వంతులవారీగా తొట్టిలోకి వంగి బురద చూశారు. ఒకావిడ చాలాసేపు చూసి, "మొదలైందా?" అని అడిగింది.

శుద్ధ చతుర్దశి

రేపు తనిఖీ. ఊరంతా కడిగారు. అంటే ఎవరి వసారా వాళ్లు కడుక్కున్నారు.

రత్తయ్య మామకు ఇంకో ఆలోచన వచ్చింది. రేపు పౌర్ణమి, పెద్ద పోటు. ఇళ్లన్నీ గట్టిగా తిరుగుతాయి. తనిఖీకి వచ్చిన మనిషి చూస్తుండగా వీధి మాయమైపోతే ఇదేం ఊరు అనుకోరా? కాబట్టి రేపు ఒక్కపూట ప్రతి ఇంటికీ రెండో వైపు కూడా ఇంకో మోకు వేసి బిగించమన్నాడు.

"కదలకుండా ఉంటది గదా మామా, నూజివీడు మాదిరి," అంది పున్నమ్మ.

"ఒక్కపూటకే," అన్నాడు మామ.

రోజంతా మోకులు వేశాం. చేతులు బొబ్బలెక్కాయి. జైతున్‌బీ ఒక్కతే గొణిగింది. "తిరిగే దాన్ని కట్టేస్తే ఊరుకుంటదా? మా ఆయన్ని కట్టి చూశా, ఊరుకున్నాడా?" ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. బతికున్నన్నాళ్లూ ఓడల మీదే ఉండేవాడు.

పౌర్ణమి

వాతావరణం: ఎండ. వచ్చినవాళ్లు: ఒకరు. మిగతావి కింద రాస్తున్నాను.

తనిఖీ అధికారి పేరు ప్రసూన గారు. నలభై ఏళ్లుంటాయి. చేతి సంచి, నీళ్ల సీసా, గొడుగు, మణికట్టుకు ఒక పట్టీ. చోటు నచ్చితే ఆ పట్టీని నొక్కుతారు. అది ఒకసారి కూస్తుంది. కోట గుమ్మం దగ్గర తల వంచమని చెప్పకముందే వంచారు. అలాంటివాళ్లు అరుదు. కూత. గోపురం దగ్గర కూత. ట్యాంకు మెట్లు ఆగకుండా ఎక్కారు. కూత. కలంకారీ పడవలో అచ్చు తిన్నగా వేసి, రుమాలు అక్కడే వదిలేశారు. కలంకారీ వాళ్లు నా వంక చూశారు. కూత.

సినిమాహాలుకు రత్తయ్య మామ కూడా వచ్చాడు. ఆవిడ తొట్టిలోకి వంగి చూశారు.

"ఏముంది ఇందులో?"

"చేపలండీ."

"కనపడటం లేదు."

"ఇంటర్వెల్ అండీ," అన్నాడు మామ.

ఆవిడ నవ్వలేదు. పెదవి కాస్త కదిలింది. పట్టీ మాత్రం కూయలేదు.

సమాధుల దగ్గర నీళ్లు ఇంకా తీయలేదు. పాటు మొదలయ్యేదాకా మా వసారాలో కూర్చోబెట్టాను. పున్నమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆవిడ తీసుకోలేదు. తనిఖీ ఊళ్లో ఏదీ పుచ్చుకోకూడదట. సొంత సీసాలోంచి నీళ్లు తాగారు. ఇళ్లన్నీ నిశ్చలంగా ఉన్నాయి. రత్తయ్య మామ ఎదురు వసారాలో గర్వంగా నిలబడ్డాడు.

అప్పుడు పాటు మొదలైంది.

ముందు మోకులు మూలిగాయి. తర్వాత గుంజలు. మా వంటింట్లో గిన్నెలు దొర్లాయి. నేల ఒక మూల లేచింది. నీళ్లు ఇళ్లను లాగుతున్నాయి, కొత్త మోకులు వదలటం లేదు. ప్రసూన గారు లేచి నిలబడి, "ఇదేమిటి?" అన్నారు.

"ఏం లేదండీ, ఊరు," అన్నాను.

రత్తయ్య మామ వసారా ఒకవైపు నీళ్లలోకి దిగింది. ఆయన అరిచాడు. "కోసెయ్యండ్రా! కొత్త మోకు కోసెయ్యండి!"

కత్తి తీసుకుని పరిగెత్తాను. మోకు తెగగానే ఇల్లు ఒక్క విదిలింపుతో తిరిగింది. మామూలుగా పాకుతూ తిరిగే ఇల్లు ఇవాళ బొంగరంలా తిరిగింది. అన్ని వైపులా అదే. వీధి వీధంతా చూస్తుండగా విడిపోయి, తిరిగి, ఇంకో వీధిగా మళ్లీ కూడింది. ప్రసూన గారు వసారా గుంజ పట్టుకున్నారు. గొడుగు నీళ్లలో పడింది. ధబ్బున శబ్దం. మా వసారా జైతున్‌బీ వసారాకు ఆనుకుంది.

జైతున్‌బీ గిన్నెతో సిద్ధంగా ఉంది. ఊరు మునిగినా తేలినా ఆవిడకు వసారా ఆనుకోవటమే గుర్తు. ఎవరున్నారో చూడకుండానే చెయ్యి చాపింది.

"పట్టు పట్టు, కాల్తంది!"

కాలుతోందంటే ఎవరైనా అందుకుంటారు. ప్రసూన గారు అందుకున్నారు.

రొయ్యల పలావు. ఆవిడ గిన్నె వంక చూశారు, నా వంక చూశారు. జైతున్‌బీ అప్పుడు తలెత్తి చూసింది. "యా అల్లా, పున్నమ్మ కాదా! సరేలే అమ్మా, చల్లారుద్ది, తిను." ప్రసూన గారు గిన్నెను కింద పెట్టబోయారు. అంతలో వాసన వచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కూర్చుని తిన్నారు. ఆ పావుగంటా మేమెవరం ఆ వైపు చూడలేదు. నేను నీళ్లలోంచి గొడుగు తీసి ఆరబెట్టాను.

తిన్నాక అడిగారు. "ఇళ్లు రోజూ ఇలా తిరుగుతాయా?"

"రోజూ తిరుగుతాయండీ. ఇంత దూకుడుగా కాదు."

"ముందే ఎందుకు చూపలేదు?"

"చూపేదేముందండీ. ఇళ్లే గదా."

పట్టీ మీద వేలు పెట్టి తీసేశారు. "సినిమాహాలు చోటే, చూడటానికి ఏమీ లేదు. ఇది చూడటానికి ఉంది, చోటు కాదు. చోటు అంటే ఒక దగ్గర నిలిచి ఉండాలి. నిబంధన అలా ఉంది, నాంచారయ్య గారూ. నేను రాసింది కాదు."

సమాధులు చూశారు. లడ్డూ కొట్టు చూశారు. పట్టీ రెండుసార్లు కూసింది. ఆరు.

సాయంత్రం రేవు పడవ దగ్గరికి తీసుకెళ్లాను. రత్తయ్య మామ వెనక కూర్చుని నీళ్లు చూస్తున్నాడు. ఆవిడ పడవ గుమ్మంలో కాలు పెట్టగానే గుమ్మం మాట్లాడింది.

"ప్రసూన గారూ, మీరు తెచ్చిన వస్తువులు నాలుగు. తీసుకెళ్తున్నవి ఐదు. తనిఖీ చేసిన ఊరి వస్తువు మీ దగ్గర ఉండగా తనిఖీ పూర్తి కాదు."

గిన్నె ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. కడిగి పట్టుకొచ్చినట్టున్నారు.

వెనక్కి తిప్పాను. జైతున్‌బీ వసారాలో బియ్యం ఏరుతోంది.

"ఇదిగోనమ్మా మీ గిన్నె."

జైతున్‌బీ గిన్నెలోకి తొంగి చూసింది. "ఖాళీగానా? వద్దమ్మా. మా ఇంట్లోకి ఖాళీ గిన్నె రాదు."

"ఇది నా ఉద్యోగానికి సంబంధించిన విషయం."

"ఇది మా గిన్నెకి సంబంధించింది."

ప్రసూన గారు గిన్నెను గట్టు మీద పెట్టారు. జైతున్‌బీ దాన్ని తీసి మళ్లీ ఆవిడ చేతిలో పెట్టింది. కోపంగా కాదు, పసిపిల్ల చేతిలో పలక పెట్టినట్టు. ఆవిడ నన్ను లడ్డూ కొట్టుకు తీసుకెళ్లమన్నారు. లడ్డూలు కొని గిన్నెలో వేసి తెచ్చారు.

"ఇవి మా ఇస్మాయిల్ చేసినవి గదా," అంది జైతున్‌బీ. "నీ చేత్తో చేసింది తేవాల."

"మా ఇంట్లో పొయ్యి లేదండీ," అన్నారు ప్రసూన గారు. మొదటిసారి ఆ గొంతులో అధికారం తగ్గింది. "మిట్ట మీద ఎవరికీ ఉండదు. వంటశాల నుంచి పెట్టెలో వస్తుంది."

జైతున్‌బీ ఏరటం ఆపింది. పున్నమ్మ మా వసారాలోంచి, "అయ్యో," అంది. నాకూ నూజివీడు కాలనీ మీద అప్పుడే నిజంగా భయం వేసింది.

"తొందరేం లేదులేమ్మా," అంది జైతున్‌బీ. "ఎప్పుడు కుదిరితే అప్పుడే తే."

మళ్లీ రేవు పడవ. గుమ్మం అదే పాట పాడింది. రెండు దారులున్నాయంది. వస్తువు తిరిగి ఇవ్వటం, లేదా తనిఖీ సాగుతోందని చెప్పటం. ఆవిడ కాసేపు గిన్నె వంక చూసి, "సాగుతోంది," అన్నారు. తలుపు తెరుచుకుంది. లడ్డూలు నాకిచ్చి వెళ్లారు.

బహుళ అష్టమి

వాతావరణం: ఎండ. వచ్చినవాళ్లు: పన్నెండుమంది. చూపిన చోట్లు: ఆరు.

ఇవాళ పడవ రాదనుకున్నాం. వచ్చింది, నీళ్ల తొట్టితో సహా. రత్తయ్య మామ పడవ గుమ్మాన్ని అడిగాడు. "మా ఊరు జాబితాలో ఉందా, పోయిందా?"

"తనిఖీ సాగుతోంది. పూర్తయ్యేదాకా పడవ ఆగదు," అంది గుమ్మం.

మామ నా వంక చూశాడు. నేను జైతున్‌బీ ఇంటికెళ్లి, కావాలనే ఇచ్చావా అని అడిగాను.

"నాకేం తెలుసయ్యా! మీ గుమ్మం ఎదురొచ్చింది, ఇచ్చా," అంది. ఒడిలో బియ్యం ఏరుతూనే ఉంది. ఆ బియ్యంలో రాళ్లేమీ లేవు.

ఊళ్లో ఆడవాళ్లందరికీ సాయంత్రానికే సంగతి తెలిసిపోయింది. ఇప్పుడు ఒకటే బెంగ. ఆవిడ గిన్నె తిరిగి ఇచ్చేస్తే తనిఖీ అయిపోతుంది. ఆవిడకు పొయ్యి దొరక్కూడదని పున్నమ్మ అమ్మవారికి మొక్కుకుంది. తర్వాత, పాపం అలా మొక్కకూడదని దాన్ని వెనక్కి తీసుకుంది.

వైశాఖ పౌర్ణమి

వాతావరణం: వడగాలి. వచ్చినవాళ్లు: పద్నాలుగుమంది, ప్రసూన గారు కాక. చూపిన చోట్లు: ఆరు.

ఆవిడ గిన్నె తెచ్చారు. గుడ్డ కట్టి ఉంది. నిండా ఉంది. మా వసారాలో కూర్చుంటూ అడిగారు. "పాటు ఎప్పుడు మొదలవుతుంది?"

"ఇంకాసేపట్లో అండీ."

"తర్వాత పోటు?"

"మధ్యాహ్నం దాటాక." ఎందుకు అడిగారో అడగలేదు.

ఇల్లు తిరిగింది. ఈసారి మామూలుగా, నెమ్మదిగా. ఆవిడ గుంజ పట్టుకోలేదు. వసారాలు ఆనుకున్నాయి. జైతున్‌బీ గుడ్డ విప్పింది. ఆవకాయ.

"పొయ్యి లేకుండా చేసేది ఇదేగా! తెలివిగల పిల్లే," అంది. వేలితో నాకింది. "ఉప్పు ఎక్కువైంది."

"మామిడికాయలు మావే. ఉప్పు కూడా నేనే వేశాను," అన్నారు ప్రసూన గారు.

"తెలుస్తానే ఉంది." జైతున్‌బీ పచ్చడి జాడీలోకి వంచుకుని గిన్నె లోపలికి తీసుకుపోయింది. బాకీ తీరిపోయింది. పున్నమ్మ గడపలో నిలబడి కొంగు నలుపుతోంది. గిన్నె పోయింది, ఆవిడ చేతులు ఖాళీ. సాయంత్రం పడవ గుమ్మం నాలుగు వస్తువులు లెక్కపెడుతుంది. తలుపు తెరుచుకుంటుంది, అంతే.

ఆవిడను సమాధులు చూస్తారా అన్నాను. వద్దన్నారు. ట్యాంకు? వద్దన్నారు. లడ్డూలు? వచ్చేటప్పుడే తిన్నారట. ఎండలో మా వసారాలోనే కూర్చున్నారు. సంచి పక్కన పెట్టుకుని నీళ్లు వెనక్కి పోవటం చూశారు. అవి ఆగటం చూశారు. మళ్లీ రావటం చూశారు.

పోటు అందుకుంది. ఇల్లు తిరగసాగింది. జైతున్‌బీ గుమ్మం మెల్లగా పక్కకు పోయింది. ఎదురుగా రత్తయ్య మామ వసారా వచ్చింది. ఆయనే నిలబడి ఉన్నాడు, చేతిలో గిన్నెతో. గోంగూర రొయ్యలు. ఆ చేతుల్లో మోకు తప్ప గిన్నె చూసినవాడు ఊళ్లో లేడు.

వసారాలు ఆనుకున్నాయి. మామ గిన్నె ముందుకు చాపాడు. మా ఇంటివైపు నుంచి అందుకోవాల్సింది నేను. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ప్రసూన గారు లేచారు. చీర చెంగుతో చేతులు తుడుచుకున్నారు.

"కాలుతోందా?" అని అడిగారు.

"లేదమ్మా. చల్లారింది," అన్నాడు మామ. ఆయనకు అబద్ధం చెప్పటం రాదు.

ఆవిడ రెండు చేతులూ చాపి గిన్నె అందుకున్నారు.

తనిఖీ: సాగుతోంది.